స్వేచ్ఛగా జెల్

"తూటాలకు రొమ్ము విరుచుకుని నిలబడ్డ వీరుడికి, మందు ఎలా పుచ్చుకోవాలో తేల్చుకునే స్వేచ్ఛ లేదా?" అని మాజీ సైనికుల సంక్షేమ మంత్రిగారు గర్జించారు. ఆసుపత్రి హాలు దద్దరిల్లింది.

ముందు వరుసలో ఉన్న మాజీ హవల్దారు కళ్లు చెమర్చాయి. రెండేళ్లుగా ఆయన ఒంట్లో సత్తువ లేదు, ముఖంలో నవ్వు లేదు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను అడుగంటిందని తేల్చిన డాక్టరమ్మ సూది, భుజాలకు రాసుకునే జెల్, ఒంటికంటించే పట్టీ, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోమంది.

"నాకు సూది చాలండి," అన్నాడాయన లేచి. "మనవరాలు నా భుజమ్మీదే నిద్రపోతుంది. జెల్ పిల్లలకి అంటకూడదట. పట్టీ అయితే దురదట."

"భేష్! మీ ఇష్టమే మాకు శాసనం. కాకపోతే జెల్ తీసుకోండి. 'సూది లేని సేవ' అని ఊరంతా పోస్టర్లు వేయించాం."

"స్వేచ్ఛ అన్నారు కదండీ?" అంది హవల్దారు భార్య.

"అందుకే తల్లీ, స్వేచ్ఛగా జెల్ తీసుకోమంటున్నా!"

మాటలతో సరిపెట్టే మనిషి కారు మంత్రిగారు. చొక్కా విప్పేసి, బల్లమీది డబ్బా అందుకున్నారు. "సార్, అది..." అంటున్న డాక్టరమ్మ గొంతు చప్పట్లలో కలిసిపోయింది. రెండు భుజాలకూ దట్టంగా పట్టించారు.

"అబ్బ! నా వయసులో ఇరవయ్యేళ్లు రాలిపోయాయి!" అంటూ ఒంటిచేత్తో బల్ల ఎత్తారు. అవతలి కొసను నలుగురు కార్యకర్తలు ఎత్తారు. ఆ ఊపులోనే జనాన్ని కావలించుకోబోయారు.

"అమ్మో, ముట్టుకోకండి! మనకీ అంటుకుంటుంది, మీసాలొస్తాయి!" అని హవల్దారు భార్య కేక పెట్టింది.

పార్టీ మహిళా విభాగం అధ్యక్షురాలు కుర్చీ ఎక్కేసింది. కార్యకర్తలు తలుపు దగ్గర తొక్కుకున్నారు. చాచిన చేతులతో మంత్రిగారు ఒంటరిగా మిగిలారు. హవల్దారు పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. ఆయన నవ్వడం చూసి భార్య కళ్లు తుడుచుకుంది.

"ఎన్నికల ముందు జనం నన్ను ముట్టుకోకపోతే ఎలా? సూదే ఖాయం!" అని మంత్రిగారు ప్రకటించారు.

హవల్దారు చొక్కా చెయ్యి పైకి మడిచి సిద్ధంగా నిలబడ్డాడు.

డాక్టరమ్మ మంత్రిగారి చెవి దగ్గరకు వంగింది. మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు.

"సూదిమందు ఇంకా కొనలేదు సార్."

"జెల్ ఉందిగా?"

"అదీ కొనలేదు. మీరు రాసుకున్నది మా నర్సమ్మ చేతులకు రాసుకునే క్రీము. ఫొటో కోసం ఏదో ఒకటి పెట్టమన్నారు మీవాళ్లు."

మంత్రిగారు తన భుజాలకేసి చూసుకున్నారు. కండ ఒకసారి నొక్కి చూసుకున్నారు.

"గుణం కనిపిస్తూనే ఉందిగా! అందరికీ ఇదే పంచండి."

చప్పట్లతో హాలు మళ్లీ దద్దరిల్లింది. హవల్దారు చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించుకున్నాడు.