మూత పెట్టిన మీటింగు

ఆ పొద్దున సవితకు ఉన్నది ఒకటే పని. నిజామాబాద్ నుంచి బోధన్ అవతలి క్యాంపుకు పోయి, రైతువేదికలో బల్ల మీద ఒక మిషన్ పెట్టి, దాని పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. మిషన్ గారె కంటే కొంచెం పెద్దది, నల్లగా గుండ్రంగా ఉంటుంది. పేరు ‘సమన్వయ’. ఎవరేం మాట్లాడినా వింటుంది, ఎవరి వంతు వారికి ఇస్తుంది, తీర్మానాలు తానే రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. నిన్నటిదాకా ఆ పని సవితది. నలుగురినీ కూర్చోబెట్టి ఒక మాట మీదికి తెచ్చినందుకే ఆమె పనిచేసే స్వచ్ఛంద సంస్థ జీతమిచ్చేది.

"నువ్వేం మాట్లాడకు," అన్నాడు పై అధికారి మహేందర్. "ఛార్జింగ్ చూస్కో చాలు. ఇయ్యాల ఇది మంచిగ నడిచిందంటే అన్ని ఊర్లకు దీన్నే పంపుదాం."

"మరి నేను, సార్?"

"అది తర్వాత చూద్దాం తియ్."

ఆ తర్వాత ఎట్లా ఉంటుందో సవితకు చెప్పనక్కర్లేదు. మీటింగు బాగా జరిగితే తన ఉద్యోగం ఎండుతుంది. పాడైతే కాలువ కింది వరి ఎండుతుంది. ఏది జరగాలని దండం పెట్టుకోవాలో బస్సు దిగేదాకా తేల్చుకోలేకపోయింది.

తగువు నీళ్లది. కాలువ పై భాగాన క్యాంపు, అంటే తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల పొలాలు. కింది భాగాన ఊరు. ఇద్దరికీ నీళ్లు మళ్లించే తూము ఒకటే. యాసంగి పంటకు నీళ్లు తగ్గేసరికి పై మళ్లు తడిసి, కింది వాళ్లకు బురద మిగులుతోంది. ఊరివాళ్ల వరి పొట్ట మీదుంది. ఈ వారం తడి అందకపోతే మిగిలేది తాలే.

మిషన్ తియ్యటి గొంతుతో స్వాగతం చెప్పి, క్యాంపు పెద్ద రామకోటేశ్వరరావును మొదట మాట్లాడమంది. ఆయన కండువా సర్దుకుని లేచాడు.

"అయ్యా, మా తాతగారు బళ్లు కట్టుకుని ఇక్కడికొచ్చినప్పుడు ఇదంతా అడివండి. రాత్రిళ్లు..."

"ధన్యవాదాలు. మీకు కేటాయించిన సమయం ముగిసింది," అంది మిషన్.

తాతగారి బళ్లు ఇంకా గోదావరైనా దాటలేదు. ప్రతి మీటింగులోనూ ఆ ఉపన్యాసం వినే జనానికి కూడా ఆయన మీద జాలేసింది. రావుగారు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మిషన్ ఊరి తరఫున వచ్చిన అంజవ్వను పట్టుకుంది. "అంజవ్వ గారూ, మీరింకా మాట్లాడలేదు." అంజవ్వ దాని వంక చూసి, "దీనికి కండ్లెక్కడున్నయి బిడ్డా?" అని సవితను అడిగి ఊరుకుంది.

మాట్లాడేవాడిని ఆపేసి, మాట్లాడనివాళ్లను పొడిస్తే ఏ మీటింగులోనైనా ఒకటే జరుగుతుంది. ఎవరి పక్కవాడితో వాళ్లు సొంత ముచ్చట్లకు దిగారు. రావుగారు పక్కనున్న క్యాంపు రైతు కిషోర్‌బాబు చెవిలో, "ఆ ముసలి గేదె ఇంక చూడి కట్టదయ్యా. శనివారం సంతకి తోలేద్దామనుకుంటున్నాను. మా ఆవిడకి మాత్రం చెప్పకు," అన్నాడు. వెనక వరసలో ముత్యం ఫోనులో వియ్యంకుడికి గొప్పలు పోతున్నాడు: "మనుమని పుట్టెంటికలకు ఊరందరికి మటన్ పెడ్తున్న బావా." అంజవ్వ విసుగ్గా, "గా తూముకు తాళమేసి, చెవి కాల్వల పారేస్తె పీడ పోతది," అని గొణిగింది.

మిషన్‌కు చెవులు చాలా మంచివి. ఏది మీటింగో ఏది ముచ్చటో చూసుకోవడానికి అంజవ్వ అడిగిన ఆ కండ్లే లేవు. అందరి జేబుల్లో ఫోన్లు ఒక్కసారే మోగాయి.

‘తీర్మానం ఒకటి: రామకోటేశ్వరరావు గారి గేదెను శనివారం అమ్మాలి. ఈ విషయం వారి భార్యకు తెలియజేయరాదు. రెండు: ముత్యం గారు ఊరందరికీ మటన్ పెట్టాలి. మూడు: తూముకు తాళం వేసి, తాళంచెవిని కాలువలో పారవేయాలి. బాధ్యత: అంజవ్వ గారు.’

ఆ గ్రూపులో రావుగారి భార్య నాగకుమారి కూడా ఉంది. పేడచేతులతోనే వచ్చింది, వెంట సగం క్యాంపు ఆడవాళ్లు.

"ఏవండీ, నా గేదెను అమ్మడానికి కమిటీ వేశారా? పైగా నాకు చెప్పకూడదని తీర్మానమా?"

"కొత్త సభ్యురాలికి స్వాగతం. మీకు రెండు నిమిషాలు," అంది మిషన్.

"ఇదే నయం. ఈయన ఇంట్లో అంత కూడా ఇవ్వరు," అని ఆమె కుర్చీ లాక్కుంది.

ఇంతలో తూము మీద తాళం పడుతుందని విన్న క్యాంపు మగవాళ్లు అంజవ్వను చుట్టుముట్టి చెవి ఏదని అడిగారు. తాళమే లేదంటే నమ్మరు, ఫోన్లో పేరుంది మరి. ఊళ్లో నుంచి ఇంకో గుంపు దిగింది, మటన్ ఏ రోజని. ముత్యం బల్ల చాటుకు జరిగాడు. క్యాంపు వాళ్లలో ఎవరో, "మీవాళ్లు కాలవ గట్టెక్కితే ఊరుకునేది లేదు," అన్నారు. ఫోన్లు మళ్లీ మోగాయి. ‘తీర్మానం నాలుగు: ఊరివారు కాలువ గట్టు ఎక్కరాదు. సభ ఏకాభిప్రాయం వైపు సాగుతోంది.’

సవితకు లోపల సంతోషం పొంగింది. ఉన్నమాట చెప్పుకోవాలి, చాలా సంతోషం. ఇంక ఈ మిషన్‌ను ఏ ఊరికి పంపినా జనం నాలుగు తన్ని వెనక్కి పంపుతారు. తన ఉద్యోగానికి ఢోకా లేదు.

అప్పుడే అంజవ్వ కొంగుముడి విప్పింది. అందరికీ చూపించాలని తెచ్చిన వరి దుబ్బు అది, మొదలు ఎండి, పొట్ట తెరుచుకోకుండానే వాడిపోయింది. ఆ గోలలో ఎవరూ చూడలేదు. ఆమె దాన్ని మళ్లీ ముడేసుకుంటుంటే సవితకు సిగ్గేసింది.

అమ్మ కట్టిచ్చిన స్టీలు డబ్బా తీసి, రొట్టెలు బయట పెట్టి, మిషన్‌ను తువ్వాలలో చుట్టి అందులో పెట్టింది. "ధన్యవా..." అంటుండగానే మూత బిగించింది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

"రావుగారు," అంది సవిత, "మీ తాతగారి ముచ్చట సగంల ఆగింది. మిగిలింది చెప్పుండ్రి."

ఆయన నమ్మలేనట్టు చూసి లేచాడు. బళ్లు గోదావరి దాటాయి. అడవి కొట్టారు, గుడిసెలు వేశారు, జ్వరాలు పడ్డారు. సవిత ఎవరినీ అడ్డం రానివ్వలేదు.

"మొదటేడు కాలవ నీళ్లు మాదాకా రాలేదండి. నారు ఎండిపోతోంది. మా తాతగారు ఊళ్లోకెళ్లి చేతులు జోడిస్తే, ఈ అంజవ్వ మావగారే తన మడికి గండి కొట్టి మాకు..."

అక్కడ ఆగిపోయాడు. పెళ్లిళ్లలో, పంచాయితీల్లో ఎన్నోసార్లు చెప్పిన మాటే. ఇవాళ ఆ కోడలు ఎదురుగా కూర్చుని ఉంది.

"ఆగినవేంది రావు సాబ్?" అంది అంజవ్వ. "తర్వాత కంకులు మంచిగొచ్చినయని చెప్తవు గద ఎప్పుడు." కొంగుముడి విప్పి ఆ దుబ్బును బల్ల మీద పెట్టింది.

రావుగారు దాన్ని చేతిలోకి తీసుకుని, గోటితో పొట్ట చీల్చి చూశాడు. రైతుకు ఇంక ఎవరూ చెప్పేదేం ఉండదు.

"రాత్రి నీళ్లు మీరు తీసుకోండి అంజవ్వా. పగలు మేం పెట్టుకుంటాం."

"తెల్లారి తూము మళ్లీ మా వైపు ఎవరు తిప్పుతారు?" అన్నాడు కిషోర్‌బాబు. అసలు భయం అదే, ఇన్నాళ్లూ ఎవరూ బయటపెట్టలేదు.

"తూముకు తాళమేస్తె, చెవి ఎవరి దగ్గరుంటె మీకు నిద్ర పడ్తది?" అని సవిత అడిగింది.

కిషోర్‌బాబు ఊరి వాళ్లందరినీ ఒకసారి కలయజూశాడు. "అంజవ్వ దగ్గరైతే మాకు పేచీ లేదండి."

"పగటి పూట నాగకుమారమ్మ దగ్గర ఉండనీ," అంది అంజవ్వ.

"అలాగే. ఈయన దగ్గర మాత్రం వద్దు," అంది నాగకుమారి. "ఏ సంతలో అమ్మేస్తారో."

రావుగారితో సహా అందరూ నవ్వారు. గేదె బతికింది. మిషన్ రాసిన తీర్మానాలన్నీ కొట్టేశారు, ఒక్క మటన్ తప్ప. దాన్ని ఊరూ క్యాంపూ కలిసి ఏకగ్రీవంగా నిలబెట్టాయి. ఆ పొద్దు గూకేసరికే కింది మళ్లకు నీళ్లు కదిలాయి. అంజవ్వ సవిత చేయి పట్టుకుని గట్టు దాకా తీసుకుపోయి ఆ నీళ్లు చూపించింది. సవితకు కడుపు నిండిపోయి, రొట్టెలు తినలేదన్న సంగతే గుర్తు రాలేదు.

బోధన్ బస్టాండులో ఫోను మోగింది. ఉద్యోగం ఊడిందనుకునే ఎత్తింది.

"రిపోర్టు వచ్చింది సవితా," అన్నాడు మహేందర్. "ముందు జెర లొల్లి అయినట్టుంది గని, ఆఖరి గంటల ఒక్క గొడవ లేదు. నూటికి నూరు శాతం ఏకాభిప్రాయమని రాసింది. మస్తు పనిచేసింది మిషన్."

"అవును సార్."

"మొన్న జక్రాన్‌పల్లికి వేరే పిల్లగానితోని పంపితే అక్కడ కొట్టుకున్నరు. నీకు దాన్ని వాడుడు తెలిసినట్టుంది. ఇంకో రెండేండ్లు కాంట్రాక్టు రాస్తున్న. రేపు రెంజల్ పో."

సవిత గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది. బస్సుకు ఇంకా టైముంటే, ఎదురుగా ఉన్న సామాన్ల దుకాణంలోకి పోయి, రొట్టెలకు వేరే డబ్బా కొనుక్కుంది.