సర్పంచ్ ఇంట్లో రెండు సీసాలు

ఆ శనివారం పొద్దున సాముయేలు పెట్టుకున్న పని ఒక్కటే. మరునాడు చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె విరిచి ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆ రసం కాచే భాగ్యం తాత నాటి నుంచి వాళ్ల ఇంటిదే. నల్లద్రాక్షలు ఉడికించాడు, తెల్లగుడ్డలో వడకట్టాడు, చల్లారాక రెండు సీసాల్లో పోశాడు. అవి కనకమామిడి ఫామ్‌హౌస్ వాచ్‌మన్ ఇచ్చిన ఖాళీ మందు సీసాలు. వేడినీళ్లలో ఎంత నానబెట్టినా వాటి బంగారు రంగు కాగితం ఊడిరాలేదు.

భార్య విజయరాణి ఊరి సర్పంచ్. ఆమెను చూస్తే సాముయేలుకు కొంత భయం, బోలెడంత గర్వం. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే దారిలోని ఆ ఊళ్లో కిరాణా కొట్టు జనార్దన్ ఉప్పు, పప్పుల వెనక చాటుగా మందు అమ్మేవాడు. ఆడవాళ్ల గోడు విని విజయరాణి గ్రామసభ పెట్టింది. బెల్టుషాపు బంద్, ఎవరింట్లో సీసా దొరికినా పంచాయతీ ముందు పారబోయాల్సిందే అని తీర్మానం చేయించింది. జనార్దన్ నవ్వాడు.

"ముందుగాల పెద్దోళ్ల ఇండ్లల్ల పారబోయక్కా. గప్పుడు నేనే తెచ్చి పోస్త."

అప్పటి నుంచి ఊరంతా ఆ 'గప్పుడు' కోసమే కాచుకుని ఉంది. ఆమె మాట నిలుస్తుందా, నీళ్లపాలవుతుందా అన్నదే సాముయేలు బెంగ.

సీసాలకు మూత పెట్టి, అతను వాకిట్లోకొచ్చి చర్చి మిత్రుడు కృపాకర్‌కు ఫోన్ చేశాడు. "రేపు బల్ల ఉన్నది గద. రెండు సీసలు తయారు చేసిన. చిన్న గిలాసలు నువ్వు తే. అయ్యగారే పోస్తడు. ఒక్కొక్కరికి ఒక్క గుక్కనే, ఫికర్ చెయ్యకు."

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న సంగమ్మ చేతిలోని చీర జారిపోయింది. తీర్మానం అమలుకు వేసిన మహిళా కమిటీకి ఆమే పెద్ద. ఆమెకు తెలిసిన బల్ల సామాను పెట్టి అమ్మే బల్ల. ఆమెకు తెలిసిన అయ్యగారు సత్యనారాయణ వ్రతం చేయించే పంతులు. చర్చిలో పాస్టరును అలాగే పిలుస్తారని పాపం ఆమెకేం తెలుసు?

"ఓయమ్మో, పంతులు మందు పోసుడేంది!" అనుకుంటూ పంచాయతీలో ఉన్న విజయరాణికి ఫోన్ చేసింది. "అక్కా, ఎట్ల చెప్పాలె? మీ ఇంట్లనే మందు సీసలున్నయి."

విజయరాణి తడుముకోలేదు. "నా ఇల్లయితేంది? నలుగురిని తీస్కపోయి పట్టుక రాండ్రి."

నలుగురిని రమ్మంటే నలభై మంది వచ్చారు. సాముయేలు వాళ్లను ఆదరంగా కూర్చోమన్నాడు. సంగమ్మ కూర్చోలేదు.

"సీసలున్నయా అన్నా?"

"ఉన్నయి. రేపటి బల్లకు."

"ఎన్నొద్దుల సంది నడుస్తున్నది గీ పని?"

"మా తాత నాటి సంది!" అన్నాడు సాముయేలు గర్వంగా.

"మరి సర్పంచ్ అక్కకు ఎరికేనా?"

"ఎరికేందమ్మా, ఆమె గూడ తీసుకుంటది. నెలకొక్కసారి, నెత్తి మీద కొంగు కప్పుకొని."

ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "పోనీ, కొంగన్న కప్పుకుంటది" అని ఒకామె సమర్థించబోయింది. ఈలోగా బంగారు కాగితం సీసాలు వీధిలోకి నడిచాయి. వెనకాల సాముయేలు, "అది ద్రాక్షరసం తల్లీ!" అని మొత్తుకుంటూ. పట్టుబడిన ప్రతివాడూ ఏదో ఒక రసమే అంటాడు కదా, ఎవరూ వినలేదు. జనార్దన్ కొట్టు మూసి మరీ ఊరేగింపులో కలిశాడు.

పంచాయతీ మెట్ల మీద విజయరాణి నిలబడి ఉంది. సీసా మూత తీసి వాసన చూసింది. భర్త వైపు చూసింది. జనార్దన్ వైపు చూసింది.

"రాణీ, అది..." అన్నాడు సాముయేలు.

"ఏమున్నదో నేను చెప్తే ఎవరు నమ్ముతరయ్యా? సర్పంచ్ ఇంట్ల దొరికింది. తీర్మానం తీర్మానమే." రెండు సీసాలూ తన చేతుల్తోనే మట్టిలో వంచేసింది. పొద్దున్నుంచి చెమటోడ్చి కాచిన రసం కళ్లముందే పోతున్నా, ఆ నిలబడ్డ తీరుకు సాముయేలు గుండె ఉప్పొంగింది. ఇంతటి మనిషి తన ఇంట్లో రోజూ అన్నం వడ్డిస్తోందా అనిపించింది.

జనార్దన్ ముఖం పాలిపోయింది. "కట్టుకున్న మొగుణ్ణే ఇడువలే, నన్ను ఇడుస్తదా!" అనుకుంటూ కొట్టుకు పరుగెత్తాడు. పెట్టెలన్నీ ఆటోలో వేసుకొచ్చి ఆమె ముందు దించాడు. "మాటంటే మాటనే అక్కా. పారబోయి."

సంగమ్మ కమిటీ ఆలస్యం చేయలేదు. ఆఖరి సీసా ఖాళీ అవుతుండగా ఒకామె కేకేసింది. "జర ఇటు చూడుండ్రి! సాముయేలన్న మందుకు చీమలు పట్టినయి!"

సంగమ్మ వంగి, తడిమట్టికి వేలు తాకించి వాసన చూసింది. "అయ్యో, ఇది నిజంగ ద్రాక్షరసమే!"

"అయితే నా పెట్టెలు నాకియ్యుండ్రి!" అన్నాడు జనార్దన్. ఇవ్వడానికి పెట్టెలున్నాయి, అవి ఖాళీవి.

సంగమ్మ సిగ్గుతో సాముయేలు చేతులు పట్టుకుంది. సాయంత్రానికల్లా కమిటీ ఆడవాళ్లు తలా ఇన్ని నల్లద్రాక్షలు తెచ్చి, ఆమె పొయ్యి మీదే రసం కాచారు.

ఇప్పుడా ఊళ్లో మందు చుక్క దొరకదు. మందు సీసాలతో ఊరంతా చూస్తుండగా పట్టుబడినవాడు మాత్రం నేటికీ ఒక్కడే, జన్మలో చుక్క ముట్టని సాముయేలు.