భుజం మీద చెయ్యి

మేకు గుచ్చుకుని నూకరాజు కాలు చీముపట్టిన వారంలో, అతని తెల్లకణాల జన్యువు తెరిపించడానికి భార్య సింహాచలం జిల్లా జన్యు కార్యాలయానికి వెళ్ళింది. ఆ ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ఇంట్లోవాళ్ళు ఒకరు అక్కడికి వెళ్తారు, రేషన్ కార్డు జిరాక్సుతో సహా.

తెల్లకణాలకు ఆయుధాలు ఎలా చెయ్యాలో జన్యువులో రాసి ఉంటుంది. దాని గుమ్మంలో ప్రమోటరు అనే బంట్రోతు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. చెడ్డవాడేం కాదు. తన అధికారం మేరకు తలుపు వేలు దూరేంత తెరుస్తాడు. బార్లా తెరవాలంటే మాత్రం ఎన్‌హాన్సరు అనే పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వెయ్యాలి. పెద్దాయన గది వరండా ఆ చివర ఉంటుంది. ఆయన నడవరు. వరండాయే వంగి, ఆయన్ని కుర్చీతో సహా ఇక్కడికి తెస్తుంది. ఇంజనీర్లు దీన్నెప్పుడూ తప్పుపట్టలేదు.

"బాబూ, ఆయన ఒళ్ళు పెనంలా కాలిపోతంది. తలుపు తియ్యండి," అంది సింహాచలం.

"తీశానమ్మా."

"ఆ సందులోంచి ఏటొస్తది బాబూ?"

"భుజం మీద చెయ్యి పడాలి," అన్నాడు ప్రమోటరు.

సింహాచలం కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని పెద్దాయన గదికెళ్ళి, తన మేనమామ తోడల్లుడిదీ ఆయనదీ ఒకటే ఊరని చెప్పింది. ఆయన కరిగిపోయారు. వరండా కిర్రుమని వంగింది, చెయ్యి పడింది, తలుపు బార్లా తెరుచుకుంది. తెల్లకణాలు ఆయుధాలు పట్టుకుని కాలి మీదికి ఉరికాయి. చీము ఆరింది. నూకరాజు చేపల పులుసు అడిగాడు.

చెయ్యి తియ్యడం మాత్రం పెద్దాయన మర్చిపోయారు. ఆ చెయ్యి ఉండగా తలుపు మూసేంత గుండె ఏ ప్రమోటరుకూ లేదు. మూయించాల్సిన సైలెన్సరేమో ఎన్నికల డ్యూటీకి పోయాడు. ఆయుధాలు వస్తూనే ఉన్నాయి. వాటిని పట్టుకుని ఊరికే కూర్చోలేక తెల్లకణాలు నూకరాజు మోకాళ్ళ మీద పడ్డాయి.

ఈసారి సింహాచలం మొగుణ్ణే వీపున మోసుకొచ్చింది.

"ఈ మోకాళ్ళు ఆయనవే బాబూ. పుట్టినకాడి నుంచీ ఉన్నాయి."

ప్రమోటరు భుజం మీది చేతిని ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "నాకు తెలుసమ్మా. ఆ తెల్లకణాల వాళ్ళకి తెలియాలి కదా. మోకాళ్ళు తనవేనని నెలనెలా వచ్చి రుజువు చేసుకోమను. ఆ నెలకి వదిలేస్తారు."

చెయ్యి తియ్యమని పెద్దాయన్ని అడగడానికి సింహాచలానికి నోరు రాలేదు. రేపు మళ్ళీ ఆయనతో అవసరం పడొచ్చు.

ఇప్పుడు నూకరాజు నెలనెలా లుంగీ పైకి మడిచి క్యూలో నిలబడతాడు. మొన్న అతని ముందున్నాయన కిడ్నీల రుజువు కోసం వచ్చాడు. తనవి మోకాళ్ళే కదా అని నూకరాజు మనసు కుదుటపడింది. పని కాగానే ఆ చేతికో దండం పెట్టి, కుంటుకుంటూ బస్సెక్కాడు.