వాయిదాల హనీమూన్

ప్లీడరుగారి గుమస్తా వెంకటస్వామిగారు కోర్టు హాల్లోంచి బయటికొచ్చి, "వాయిదా పడిందమ్మా" అన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కోర్టు వరండా కాబట్టి మా ఆయన చెయ్యి గిల్లి ఊరుకున్నాను.

నవ్వకండి. కొత్తగా పెళ్లయినవాళ్లకు న్యాయవ్యవస్థ చేసినంత మేలు ఇంకెవరూ చేయరు. సమన్లు ఉండగా ఊటీ టికెట్లు ఎందుకండీ!

మా ఆయన దుర్గాశ్రీనివాస్‌కు అవనిగడ్డలో పడవ ఇంజన్ల షాపు ఉంది. గంగరాజు అనే మత్స్యకారుడి మీద ఇంజన్ దొంగతనం కేసు పెట్టారు. ఆ ఇంజన్ అతనికి అమ్మింది మా ఆయనే! ఆ మాట పోలీసులకు చెబితే కోర్టులో చెప్పుకోమన్నారు. బిల్లు పుస్తకం చూపించి "నేనే అమ్మానండీ" అనాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల కోసం ఇప్పటికి అయిదుసార్లు పిలిచారు. ఏ కోర్టో చెప్పను, మర్యాద కాదు.

ఒకసారి జడ్జిగారు సెలవు. ఒకసారి లాయర్ల బహిష్కరణ. ఒకసారి ఫైలు దొరకలేదు. ఇంకోసారి దొరికింది కానీ, అందులో పాత చట్టం సెక్షన్ నంబరు ఉంది. ప్రతిసారీ పదకొండున్నరకల్లా మాకు విడుదల! ఆటోలో మంగినపూడి బీచ్, తడిసిన కుచ్చిళ్లు, తిరుగు బస్సులో ఆయన భుజం మీద కునుకు. మొదటి రోజే సాక్ష్యం అయిపోతే, షాపు మూసి ఈయన నన్ను ఎక్కడికైనా తీసుకెళ్లేవారా?

ఈసారి ఇంకో శుభవార్త. సంస్కరణ! ముద్దాయిని ఇకపై జైలు నుంచి తీసుకురారట, స్క్రీన్ మీద చూపిస్తారట. డీజిల్ ఆదా, ఎస్కార్టు ఆదా. ఎంత ముందుకెళ్లిపోయామో చూడండి!

గంగరాజు భార్య ప్రేమ వరండా చివర ఖాళీ టిఫిన్ క్యారియర్ సర్దుకుంటోంది. ఈ కబురు ఆమెకు నేనే సంబరంగా చెప్పాను. క్యారియర్ మూత బిగిస్తూ అడిగింది.

"టీవీలో మనిషికి అన్నం పెట్టేదెట్టాగక్కా?"

వాయిదా రోజున కానిస్టేబుల్ దయతలిచి అయిదు నిమిషాలు పక్కన కూర్చోనిస్తాడట. పెళ్లయి ఎన్నాళ్లయిందని అడిగాను. ఏడు నెలలు, మాకులాగే. పదిహేనో రోజున పట్టుకెళ్లారు. బెయిల్ ఎప్పుడో ఇచ్చారు. జామీనుకు ఇంటి పన్ను రసీదున్నవాళ్లు ఇద్దరు కావాలి. వాళ్ల పేటలో ఉన్నవన్నీ పట్టాల్లేని పాకలే.

మా ఆయన పిలిచిన ఆటోను వెనక్కి పంపేశాం. ముందు మావయ్యగారికి, తర్వాత గుడివాడలో మా నాన్నకు ఫోన్ చేశాం. మా నాన్న ఒక్కటే అడిగారు, "రసీదు ఒరిజినలా, జిరాక్సా అమ్మా?"

కేసు ఎప్పుడు తేలుతుందో ఆ దేవుడికే తెలియాలి. మాకు తొందరేం లేదు. రేపు పదిన్నరకు మాత్రం ఇద్దరు పెద్దలూ ఒరిజినల్ రసీదులతో జామీను సంతకాలకు వస్తున్నారు. వాయిదాలకు ప్రేమ, గంగరాజు కూడా జంటగా రావాలి కదండీ!