లేచి నిలబడినవారి లెక్క

దేశభక్తిని శాతాల్లో, అదీ దశాంశాలతో సహా, కొలిచి చూపించిన మొట్టమొదటి దేశం ఈ భూమ్మీద మనదే.

విధానం సులువు. రోజూ పదకొండు గంటలకు ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ మైకులో దేశగీతం వస్తుంది. ఎంతమంది లేచి నిలబడ్డారో ఒక ఉద్యోగి లెక్కపెట్టి రాసుకుంటాడు. ఈ ఏడు లెక్క బాగా పడిపోయింది. కొళాయి ఉన్న ప్రతి ఇంటివారూ తమకు కొళాయి ఉందని ఏటా స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్న ఉత్తర్వు వెలువడిన వారమే పదిహేను శాతం మంది లేవడం మానేశారు. కారణం రాయడానికి ఫారంలో మూడు గడులున్నాయి: మోకాలి నొప్పి, చెవుడు, ఇతరములు. అసంతృప్తికి గడి లేదు కాబట్టి దేశంలో అసంతృప్తి లేదు. (ఆ ఫారం పక్క దేశానిది. వాళ్ళు మనకన్నా ఆరేళ్ళ ముందే కొలిచారు. మొదటి వాక్యాన్ని చదువరులు పెద్దమనసుతో మరిచిపోవాలి.)

ఆ లెక్కపెట్టేవాళ్ళలో ఒక బక్కాయన ఉండేవాడు. తొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. నెలాఖరులోగా ఎక్కడైనా ఎనభై శాతం చూపించకపోతే ఇక ఇంటికే అని డైరెక్టరుగారు తేల్చి చెప్పేశారు. పోస్టాఫీసుకు వెళ్ళాడు, ఇరవై రెండు శాతం. ఆసుపత్రిలో పదమూడు శాతం, అందులోనూ ఇద్దరు ఇంజెక్షనుకు లేచినవాళ్ళు. చివరికి కాళ్ళీడ్చుకుంటూ కొళాయి సంతకాల ఆఫీసులో అడుగుపెట్టాడు. గీతం మొదలైంది. నూటికి నూరుమంది నిలబడి ఉన్నారు! గీతానికి ముందూ నిలబడే ఉన్నారు, తర్వాతా నిలబడే ఉన్నారు. అక్కడ కుర్చీలు లేవు. కుర్చీల గురించి ఫారంలో ప్రశ్న కూడా లేదు. బక్కాయన కళ్ళు తుడుచుకుని ‘వంద’ అని రాశాడు.

డైరెక్టరుగారు పొంగిపోయారు. అంత భక్తికి బహుమతి ఇవ్వకపోతే బాగుంటుందా? నలభై కుర్చీలు పంపారు, మెత్తవి. మరుసటి సోమవారం ఆ భక్తిని కళ్ళారా చూడటానికి తామే వచ్చారు. బక్కాయన పర్మనెంటు ఉత్తర్వు జేబులో పెట్టుకుని మరీ వచ్చారు.

గీతం మొదలైంది. ఒక్కరు కదిలితే ఒట్టు.

ముందు వరసలో కూర్చున్నది బక్కాయన పెద్దమ్మే. అతను వంగి ఆమె చెవిలో గొణిగాడు.

“పెద్దమ్మా, ఒక్క నిమిషం లేవవే. నా ఉద్యోగం పోతుంది.”

“లేస్తే నా కుర్చీ పోతుందిరా. కుర్చీ దొరక్క నిలబడ్డ ఈ వెనకాయన దీని మీద కన్నేసి అరగంటయింది.”

వెనకాయన నొచ్చుకున్నాడు. “దేశమంటే నాకు ప్రాణమండీ. ఈవిడ లేస్తే మాత్రం కూర్చుంటాను.”

“విన్నావా?” అంది పెద్దమ్మ. “మా ఇంట్లో కొళాయి ఉందని చెప్పడానికి వారం రోజులు నిలబెట్టారు. అందులో నీళ్ళొస్తున్నాయా అని ఒక్కడూ అడగలేదు. ఆ వారంలోంచి నీక్కావలసిన నిమిషం తీసేసుకో.”

“ఏమయ్యా, ఏమైంది వీళ్ళకి?” అన్నారు డైరెక్టరుగారు.

బక్కాయన ఆయన జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం వైపు చూశాడు. పెద్దమ్మ వాచిన పాదాల వైపు చూశాడు. మళ్ళీ కాగితం వైపే చూశాడు.

“భక్తి బాగానే ఉందండీ,” అన్నాడు. “కుర్చీలే అడ్డమొస్తున్నాయి.”

ఇంత లోతైన పరిశోధన ఆ శాఖలో అంతకుముందు జరగలేదు. సాయంత్రానికల్లా కుర్చీలు లారీ ఎక్కాయి. ముందు జాగ్రత్తగా పోస్టాఫీసు బల్లలూ ఆసుపత్రి బెంచీలూ ఎక్కాయి. దేశభక్తి తొంభై తొమ్మిది పాయింట్ ఆరుకు చేరింది. (మిగిలినవారు స్ట్రెచర్ల మీద ఉన్నారు. వారిపై విచారణ జరుగుతోంది.)

బక్కాయన పర్మనెంటయ్యాడు. తర్వాతి వారం లెక్కకు వెళితే పెద్దమ్మ ఇంకా క్యూలోనే, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“ఏరా, పర్మనెంటయిందట?”

“అయింది పెద్దమ్మా.”

“సంతోషం. నన్ను లెక్కలో వేసుకున్నావా?”

“వేసుకున్నా.”

“రెండుసార్లు వేసుకో. కుడికాలు వేరే, ఎడమకాలు వేరే లాగేస్తున్నాయి.”

అతను తల ఎత్తకుండా ‘రెండు’ అనే వేశాడు. ఆ నెల దేశభక్తి నూరు దాటింది.

ఇంతదాకా చెప్పినదాంట్లో నేను కల్పించింది ఒకే ఒక్కటి. ఆ ఆఫీసుకు కుర్చీలు ఎవరూ పంపలేదు.