సర్వర్‌గా దిలీప్ ఎంపిక

చోడవరం చరిత్రలో ఇకపై రెండే యుగాలని, సర్వర్‌కు ముందు, సర్వర్ తరువాత అని, డిజిటల్ సమితి అధ్యక్షులు వేంకటరమణమూర్తి గారు ప్రకటించారు. చెరకు లారీకి, కుళాయి నీటికి, పింఛనుకు ఒక్కో యాప్, ఆయన పుట్టినరోజు శుభాకాంక్షలకు రెండు యాప్‌లు సిద్ధమయ్యాయి. అన్నింటినీ ఒకే కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడమే తరువాయి. ఆ చారిత్రక సమావేశంలో విలేఖరిగా నేనూ టిఫిన్ చేశాను.

వైజాగ్ నుంచి వచ్చిన ఇంజనీరు జెరూషా ఇంజిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ బాగుంటుందని చెప్పింది. పైగా ఫ్రీ అంది.

"ఫ్రీగా వచ్చినదానికి రిబ్బను కత్తిరిస్తే ఏం బాగుంటాదమ్మా? ఇంతకీ అదేటి సేస్తాది?" అన్నారు మూర్తిగారు.

"గుమ్మంలో నిలబడుతుందండి. వచ్చినవాళ్లని లోపల ఏ యాప్ దగ్గరికి పంపాలో అదే పంపుతుంది. అడిగిందే మళ్లీ అడిగితే లోపలికి వెళ్లకుండా పాత జవాబే ఇచ్చేస్తుంది. లోపల అన్నీ పడిపోయినా అది మాత్రం పడదు."

అధ్యక్షులవారు దీర్ఘంగా ఆలోచించారు.

"ఇది మా బావమరిదే కదమ్మా," అన్నారు.

తీర్మానం ఏకగ్రీవం. మర్నాడే బావమరిది దిలీప్ మెడలో ఐడీ కార్డుతో, గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మొదట వచ్చింది అచ్చియ్యమ్మ. కొట్టిన చెరకు ఆమె పొలంలో ఎండిపోతోంది.

"లారీ ఎప్పుడొస్తాది బాబూ?"

దిలీప్ లోపలికెళ్లి కనుక్కొచ్చాడు. "రేపు."

మర్నాడూ ఆమె అదే అడిగింది. ఈసారి అతను లేవలేదు. "రేపు." నీళ్లకు వచ్చినవాళ్లకీ, పింఛనుకు వచ్చినవాళ్లకీ అదే జవాబు, అదే వేగం. జెరూషా పరుగున వచ్చి, లోపల యాప్‌లన్నీ ఆగిపోయాయని మూర్తిగారికి చెప్పింది.

"బయట ఎవరైనా కనిపెట్టేరా?"

"లేదండి."

"మరింకేటి?"

శుక్రవారం అచ్చియ్యమ్మ ఎండిన చెరకు మోపు తెచ్చి గుమ్మంలో పడేసింది. అధ్యక్షులతోనే మాట్లాడతానంది.

"లేరు. వైజాగ్ ఎల్లేరు," అన్నాడు దిలీప్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

సరిగ్గా అప్పుడే మూర్తిగారు కారు దిగి వచ్చారు. "ఒరే, లోపల ఎవరున్నార్రా?"

"అధ్యక్షులు లేరండి. వైజాగ్ ఎల్లేరు."

మూర్తిగారి ముఖం వెలిగిపోయింది. "సూసేరా స్పీడు?" అన్నారు నాతో. వెనుదిరిగి కారెక్కి, వైజాగ్ పోనిమ్మన్నారు.

అచ్చియ్యమ్మ మోపు ఎత్తుకెళ్లి, అవతలి తలుపు తీసి ఆయన పక్కనే కూర్చుంది.

"నన్నూ తీసుకెల్లు బాబూ," అంది. "అధ్యక్షులు అక్కడే ఉన్నారంట."