మూడో హర్డిల్ దగ్గర కుర్చీ

గురువారం పొద్దున రికార్డు రూం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఆఫీసుకి చేరాలి. రెండో అంతస్తులోని పొడుగాటి కారిడార్‌ని టేపుతో కొలవాలి. నేలమీద సుద్దముక్కతో ఐదు గీతలు గీసి కాసేపు కళ్ళారా చూసుకోవాలి. తొమ్మిదిన్నరకి జనం వచ్చేలోగా వాటిని తడిగుడ్డతో తుడిచేసి, ఏమీ ఎరగనివాడిలా వెళ్ళి సీట్లో కూర్చోవాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

కారణం చెప్పకపోతే ఆయన్ని మీరు పిచ్చివాడనుకుంటారు. చెప్పినా అనుకుంటారు, అది వేరే సంగతి. ఆయనకి ఇండోర్ అథ్లెటిక్స్ అంటే ప్రాణం. చలికాలం రెండు మూడు నెలలూ పెద్ద పెద్ద హాళ్ళలో, కప్పు కింద జరిగే పరుగుపందాలు, దూకే పోటీలూ అన్నమాట. క్రికెట్టో ఫుట్‌బాలో అయితే పక్క సీటువాడితోనైనా చెప్పుకోవచ్చు. ఈ పిచ్చి మాత్రం ఊరు మొత్తానికీ ఆయనొక్కడికే పట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఎవరు ఎన్ని సెకన్లలో పరిగెత్తారో నోటుబుక్కుల్లో రాసుకుంటున్నాడు. పట్టుమని పది మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, సోఫాలో చేరగిలబడి, "నూరోవంతు సెకను ఆలస్యంగా లేచాడు, వెధవ!" అని పెద్ద పెద్ద పరుగువీరుల్ని తిట్టిపోస్తాడు. ఆఫీసులో ఆయనకి 'స్టాప్‌వాచ్' అని పేరు పెట్టారు. అది మెచ్చుకోలు కాదని తెలిశాక, అక్కడ ఆ ఊసెత్తడం మానేశాడు.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా హాల్లో కూర్చుని చూసింది లేదు. అంతా అరచేతిలో ఫోన్లోనే. ఈ ఏడాది మాత్రం సీజన్ ఆఖరి పోటీలు నాలుగు గంటల రైలు ప్రయాణం దూరంలో పడ్డాయి. శుక్ర, శనివారాలకి సెలవు పెట్టాడు, మంజూరయింది. శనివారం సాయంత్రం జరిగే, దారిలో ఐదు అడ్డాలు దూకుతూ పరిగెత్తే అరవై మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌కి టికెట్ తీసుకున్నాడు. అదీ ఏరికోరి, మూడో హర్డిల్‌కి ఎదురుగా ఉన్న సీటు. "పందెం తేలేది అక్కడే" అన్నది ఆయన పంతొమ్మిదేళ్ళ సిద్ధాంతం. ఆ టికెట్ చొక్కా జేబులో ఉందో లేదో రోజుకి పదిసార్లు తడిమి చూసుకుంటున్నాడు.

"ఇంతకీ ఆ పందెం ఎంతసేపండీ?" అడిగింది భార్య, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"ఏడున్నర సెకన్లు."

"నాలుగు గంటలు వెళ్ళి, ఏడున్నర సెకన్లు చూసి, మళ్ళీ నాలుగు గంటలు తిరిగొస్తారా?"

"అంతకుముందు హీట్స్ ఉంటాయి, సెమీఫైనల్స్ ఉంటాయి. నీకు చెప్పినా అర్థం కాదులే."

"సరిగ్గా అప్పుడే తుమ్మొస్తే?"

ఆయన చెప్పులేసుకున్నాడు. నిజానికి ఆ భయం ఆయనకీ ఉంది.

కారిడార్ సరిగ్గా అరవై ఒక్క మీటర్లు తేలింది. ఆయన ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా ఫైళ్ళు మోస్తూ తిరిగిన దారి అచ్చం పందేనికి కావలసినంత పొడుగుందని ఎవరనుకుంటారు? మెట్ల దగ్గర మొదలుపెట్టే గీత గీశాడు. అక్కడికి 13.72 మీటర్ల దూరంలో మొదటి హర్డిల్, తర్వాత 9.14 మీటర్లకొకటి చొప్పున మిగతా నాలుగూ. ప్రతి గీత పక్కనా అంకె వేశాడు. మూడో గీత బిల్లుల సెక్షన్ గుమ్మం ముందు పడింది. దాని పక్కన తన సీటుకి గుర్తుగా ముచ్చటైన కుర్చీ బొమ్మ గీశాడు. ఇండోర్ పందాల్లో గెలుపు గీత దాటాక ఆగడానికి చోటుండదు. పరిగెత్తినవాళ్ళు వెళ్ళి గుద్దుకోవడానికి చివర్లో పరుపుల్లాంటివి కట్టిన గోడ ఉంటుంది. కారిడార్ చివర ఉన్నది మేనేజరు గది. ఆ తలుపు ముందు వంగి, గుండ్రటి అక్షరాలతో 'ఇక్కడ మెత్తటి గోడ' అని రాశాడు.

"ఏంటి సార్, పొద్దున్నే కొలతలు?"

వెనక అటెండరు నిలబడి ఉన్నాడు. గుమాస్తా సుద్దముక్క వెనక దాచుకున్నాడు. మళ్ళీ స్టాప్‌వాచ్ అని నలుగురూ నవ్వుతారేమోనని, "ఏం లేదయ్యా. నువ్వు చూడలేదనుకో. ఎవరికీ చెప్పకు" అన్నాడు.

అటెండరుది ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఎవరికీ చెప్పకు అంటే ముందు ఎవరికి చెప్పాలో ఆయనకి బాగా తెలుసు. తలూపి కిందికి దిగాడు.

గుమాస్తా గుడ్డ తడుపుకురావడానికి కొళాయి దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే ఫోన్లో కొత్త వార్త టింగుమంది. హర్డిల్స్‌లో గెలుస్తాడని అందరూ అనుకుంటున్నవాడు తొడ కండరం పట్టేసి పోటీ నుంచి తప్పుకున్నాడట. ఇంకేముంది, లోకం తలకిందులైపోయింది. వార్త చదివాడు. కింద జనం రాసిన వ్యాఖ్యలు చదివాడు. అందులో ఎవడో "ఇప్పుడు ఆ కొత్త కుర్రాడికి అవకాశం" అని రాస్తే ఒళ్ళు మండి, "వాడు దండగ. మూడో హర్డిల్ దగ్గరే చేతులెత్తేస్తాడు" అని జవాబు రాశాడు. అవతలివాడు ఊరుకుంటాడా? ఈయన ఊరుకుంటాడా? నలభై నిమిషాలు గడిచాయి.

ఈలోగా ఆఫీసు నిండింది. బిల్లుల సెక్షన్ మేడం తన గుమ్మం ముందు ఆగి, మూడో గీతనీ కుర్చీ బొమ్మనీ చూసి చేతిసంచీ కింద పడేసింది.

"నలుగురం పనిచేసే సెక్షన్‌కి ఒక్క కుర్చీయా? మిగతా ముగ్గురం ఎక్కడ కూర్చోవాలి, మెట్లమీదా?"

"పొద్దున్నే రహస్యంగా కొలిచారు మేడం" అన్నాడు అటెండరు గొంతు తగ్గించి. "ఎవరికీ చెప్పొద్దన్నారు. పైనుంచి ఆర్డరట. ఐదు గదులు కడతారట. సగం మందిని ఎత్తేస్తారట."

మొదటి రెండు వాక్యాలూ నిజం. తర్వాతవి ఆయన సొంత పైత్యం. పావుగంటలో యూనియన్ నాయకుడు వచ్చి పిడికిలి బిగించాడు. ఏ గీత ఎవరి గుమ్మం ముందుందో ఆ సెక్షన్ వాళ్ళు ఆ గీతని ఆక్రమించాలనీ, ప్రాణం పోయినా కదలకూడదనీ తీర్మానం అయింది.

అప్పుడే మేనేజరు వచ్చాడు. ఆయన జీవితంలో "నాకు తెలియదు" అన్న మాట అని ఎరగడు. పదవి పెరిగిందే అలా. తన తలుపు ముందున్న 'ఇక్కడ మెత్తటి గోడ' చదివి, ఒక్క క్షణం ఆలోచించి, లోపల పొంగిపోయాడు. బయటి గోల వినపడకుండా తనకి ప్రత్యేకమైన గది కట్టిస్తున్నారు! ఇన్నాళ్ళకి తన విలువ గుర్తించారు!

"ఈ గీతలేంటో మీకు తెలుసా సార్?" నిలదీశాడు యూనియన్ నాయకుడు.

"భలేవారే, తెలియకపోవడమేంటి? అంతా నాతో మాట్లాడాకే చేశారు."

గదిలోకి వెళ్ళి వెంటనే హెడ్డాఫీసుకి ఫోన్ కొట్టాడు. "సార్, మీరు తలపెట్టిన మార్పులు మా దగ్గర మొదలైపోయాయి" అన్నాడు. అవతల ఉన్న పెద్దాఫీసరుకి ఏ మార్పులో తెలియదు. ఆయన కూడా తెలియదనకుండానే అంత పైకి వెళ్ళాడు. "గుడ్. నేను చెప్పినట్టే చేస్తున్నారుగా? రేపు స్వయంగా వచ్చి చూస్తాను" అన్నాడు.

గుమాస్తా తడిగుడ్డతో తిరిగొచ్చేసరికి కారిడార్‌లో ఐదు చోట్ల ఐదు అడ్డాలు వెలిశాయి. ఒకటో గీత మీద బెంచీ, రెండో దాని మీద టైపు బల్ల, మూడో దాని మీద బిల్లుల మేడం గారి ఇనప బీరువా అడ్డంగా పడుకోబెట్టి ఉంది. నాలుగో దాని మీద ఫిర్యాదుల విభాగం బల్ల, ఐదో దాని మీద ఫైళ్ళ అర. గుడ్డలోంచి నీళ్ళు కాళ్ళమీద కారుతున్నాయి. కొంప మునిగిందని ఆయనకి అర్థమయింది. నోరు మూసుకుని రికార్డు రూంలో దూరి ఉంటే బాగుండేది. కానీ పంతొమ్మిదేళ్ళ అభిమానం ఊరుకోనిస్తేనా? ఫిర్యాదుల బల్ల నాలుగో గీతకి జానెడు ఇవతల ఉంది. చూసి ఓర్చుకోలేకపోయాడు. వెళ్ళి, రెండు చేతులతో నెట్టి, గీత మీదికి సరిచేసి, ఒక కన్ను మూసి దూరం చూసుకున్నాడు. తల ఎత్తేసరికి కారిడార్ అంతా ఆయన్నే చూస్తోంది.

"కొలతలు వేసింది ఈయనే!" అన్నాడు యూనియన్ నాయకుడు.

ఆ క్షణం నుంచి స్టాప్‌వాచ్ కాస్తా అందరికీ 'సార్' అయిపోయాడు. నిన్నటిదాకా పలకరించనివాళ్ళు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. బిల్లుల మేడం దగ్గరికొచ్చి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

"సార్, కనీసం రెండు కుర్చీలైనా వెయ్యించండి. మేం సర్దుకుంటాం."

"అయ్యో మేడం, ఆ కుర్చీ మీది కాదండీ. అది నాది!"

ఆవిడ ముఖం పాలిపోయింది. "అంటే... ఆ ఒక్కటి కూడా మాకు లేదా?" అని బీరువా మీద కూలబడి ఏడుపు లంకించుకుంది.

ఇంతలో మేనేజరు నుంచి పిలుపొచ్చింది. "రేపు పెద్దాఫీసరు వస్తున్నారు. ప్లాను వివరించాల్సింది మీరే. మీ రెండ్రోజుల సెలవూ రద్దు చేశాను" అన్నాడాయన.

గుమాస్తా చెయ్యి జేబు మీదికి పోయింది. ఇక సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. మొత్తం చెప్పేశాడు: అవి హర్డిల్స్ అనీ, కుర్చీ తన సీటనీ, మెత్తటి గోడ పరిగెత్తేవాళ్ళు గుద్దుకోవడానికనీ, హెడ్డాఫీసు ఏ ఆర్డరూ ఇవ్వలేదనీ. "పంతొమ్మిదేళ్ళు సార్. ఒక్కసారి కళ్ళతో చూస్తాను సార్" అన్నాడు.

మేనేజరు లేచి తలుపేసి వచ్చాడు.

"మీరు చెప్పింది నిజమేనని నాకు తెలుస్తోంది. కానీ నేను హెడ్డాఫీసుకి ఫోన్ చేసేశాను. వాళ్ళు తమ ప్లానే అని ఒప్పేసుకున్నారు. ఇప్పుడు మీ నిజం పట్టుకుని నేనెక్కడికి వెళ్ళను? రేపు తొమ్మిదికల్లా వచ్చెయ్యండి."

సాయంత్రం ఇంటికొచ్చి గుమాస్తా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య సంగతంతా విని, నవ్వాపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ఆవిడకే జాలేసింది.

"టికెట్ ఊరికే పోనివ్వడం ఎందుకు? నేను వెళ్ళొస్తాను. మా అక్క వాళ్ళిల్లు ఆ హాలు పక్కనే కదా."

"నీకేం తెలుసే దాని గురించి?"

"ఏడున్నర సెకన్లకి ఏం తెలియాలండీ?"

ఆయన కళ్ళలో నీళ్ళు పెట్టుకుని టికెట్ తీసిచ్చాడు. మూడో హర్డిల్ మీదనుంచి కళ్ళు తిప్పొద్దని పదిసార్లు చెప్పాడు. ఆవిడ సరేనంటూ, అక్కకి ఫోన్ చేసి అక్కడ చలెలా ఉందో కనుక్కుంది.

శుక్రవారం పెద్దాఫీసరు వచ్చాడు. బెంచీ దాటి, టైపు బల్ల పక్కనుంచి ఇరుక్కుని, బీరువా ఎక్కి దిగి, మేనేజరు గది చేరేసరికి చెమటలు కక్కాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూసి, చాలాసేపు ఆలోచించాడు.

"ఇవాళ ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి?"

"ఒక్కటీ రాలేదు సార్. రోజూ యాభై అరవై వచ్చేవి" అన్నాడు మేనేజరు. నిజానికి అరవై మందీ వచ్చారు. బీరువా దగ్గరికి వచ్చేసరికి ఓపిక చచ్చి వెనుదిరిగారు.

"నేననుకున్నది ఇదే!" అన్నాడు పెద్దాఫీసరు మొహం వెలిగిపోతూ. "నిజంగా అవసరం ఉన్నవాడే ఐదూ దాటి వస్తాడు. మిగతావాళ్ళు ఇంటికి పోతారు. అన్ని బ్రాంచీల్లోనూ పెట్టిద్దాం. కొలతలు వేసింది ఎవరు? ఈయనా? ఈయన్ని దీనికి ప్రత్యేకాధికారిని చెయ్యండి. రేపు సాయంత్రానికి నాకు రిపోర్టు కావాలి."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా యూనియన్ నాయకుడు కొట్టాడు, అడ్డాల ఆలోచన యూనియన్ వాళ్ళదేనని తర్వాత నోటీసు బోర్డులో పెట్టుకున్నాడు కూడా.

శనివారం సాయంత్రం ఆఫీసులో గుమాస్తా, మేనేజరు, బెంచీని గీత మీద నేలకి బిగిస్తున్న వడ్రంగి తప్ప ఇంకెవరూ లేరు. గుమాస్తా రిపోర్టు కాగితాల మధ్య ఫోన్ దాచి పెట్టుకున్నాడు. తెర మీద ఎనిమిది మందీ వంగారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. తుపాకీ పేలింది.

"ఏమండీ, ఆ మెత్తటి గోడ ఏ రంగైతే బాగుంటుందంటారు?" అన్నాడు మేనేజరు భుజం తట్టి.

ఆయన తలెత్తి "నీలం" అన్నాడు. తల దించేసరికి పందెం అయిపోయింది. గెలిచినవాడెవడో ముఖం తువ్వాలులో దాచుకుని ఏడుస్తున్నాడు. ఆ తర్వాత ఫోన్లో బొమ్మ ఆగిపోయి గుండ్రంగా చక్రం తిరగడం మొదలుపెట్టింది. గుమాస్తాకి కూడా అలాగే ఏడవాలనిపించింది. పదినిమిషాలకి భార్య ఫోన్ చేసింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏమండీ! ఆ కొత్త కుర్రాడు లేడూ, మీరు దండగ అన్నవాడు? వాడేనండీ! వాడే కొట్టాడు! ఏడు పాయింట్ నాలుగు తొమ్మిది! నూరోవంతు సెకను తేడాతో రెండోవాడు ఓడిపోయాడండీ, పాపం!"

"మూడో హర్డిల్ దగ్గర..."

"మూడోదాని దగ్గర ఏమీ లేదండీ. ఇద్దరూ సమంగానే ఉన్నారు. తేలింది నాలుగోదాని దగ్గర. నా రెండు కళ్ళతో చూశాను. మీరు ఇన్నేళ్ళూ తప్పు చోట చూస్తున్నారు."

పంతొమ్మిదేళ్ళ నోటుబుక్కులు ఆయన కళ్ళముందు తిరిగాయి. అవతల ఆవిడ ఆగకుండా చెబుతూనే ఉంది: అక్క కూడా అప్పటికప్పుడు టికెట్ తీసుకుని వచ్చిందని, ఇద్దరూ కుర్చీలెక్కి ఈలలేశారని, వచ్చే ఏడాది పోటీలకి అక్కడే ముందుగా పేర్లు రాసుకుంటుంటే తను రెండు సీట్లు రాయించేసిందని.

రెండు అనేసరికి గుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా భార్య భార్యే. "రెండు రాయించావా? నాలుగోదాని ఎదురుగానేనా?" అన్నాడు.

"నాలుగోదాని ఎదురుగానే" అంది భార్య. "మా అక్కకి అంచు సీటైతేనే సౌకర్యంట."